పీతలు పైకి రాలేదు

స్కూలు దగ్గర జనాన్ని తరలించే బస్సు వచ్చి ఆగి చాలాసేపయింది. సాయంత్రానికి తుపాను తీరం దాటుతుందని పొద్దుట్నుంచీ అందరి ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. అయినా పాలకాయతిప్ప పక్కనున్న ఆ పల్లెలో ఒక్కరూ గడప దాటలేదు. దానికి కారణం మహాలక్ష్మి మామగారు మాణిక్యం. ఆయన అరుగు మీద కూర్చున్నంతసేపూ ఎవరూ మూట కట్టరు.

"పీతలు పైకి రాలేదు కదమ్మా," అన్నాడాయన. "అవి రాకుండా సముద్రం రాదు."

తీసిపారేసే మాట కాదది. ఉప్పెన వచ్చిన ఏడు, ఆయన చిన్నపిల్లాడు. పీతలు గుంపులుగా ఇంట్లోకొచ్చి పొయ్యి ఎక్కేశాయట. అది చూసి వాళ్ల నాన్న ఇంటిల్లిపాదినీ లేవదీసుకుపోయాడు. ఉండిపోయినవాళ్లు ఉండిపోయినట్టే పోయారు. అప్పట్నించీ తుపాను అంటే చాలు, పల్లె పల్లెంతా మాణిక్యం మొహం చూస్తుంది. ఇన్నేళ్లలో ఆయన మాట ఒక్కసారీ తప్పలేదు. అదే ఇప్పుడు మహాలక్ష్మి ప్రాణం మీదికి తెచ్చింది.

మొగుడు ప్రసాద్ బోటు కట్టెయ్యడానికి బందరు వెళ్లాడు. నాన్నను వదిలి కదలొద్దని ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నీళ్లు రోడ్డెక్కితే బస్సు ఇంక ఉంచనని డ్రైవరు కబురు పెట్టాడు. చంకలో కూతురు సాయిదుర్గ ఏడుపు. ఈ పెద్దాయన్ని రెక్క పట్టుకు లాగెయ్యాలన్నంత కోపం వచ్చింది మహాలక్ష్మికి.

బట్టల సంచీ కోసం చూరుకేసి చూస్తే, పీతలు తెచ్చే గంప కనబడింది. దాని నిండా బూజు.

"మావయ్యా, సాయిదుర్గ ఎప్పుడన్నా పీత కూర తిందా?"

"ఇప్పుడు కూర గొడవేంటమ్మా?"

"తిందా అంటున్నానండీ. దానికి మూడో ఏడొచ్చింది. రొయ్యల చెరువుల మందు నీళ్లు కాలవలోకి వదిలినకాడ్నించీ మనింట్లో పీత వండానా? పైకి రావడానికి అసలవి ఉన్నాయా?"

మాణిక్యం లేచి కాలవ గట్టుకు నడిచాడు. మోకాళ్ల మీద కూర్చుని ఒక పీత కన్నంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. ఏ పీతా వేలు పట్టుకోలేదు. ఇంకో కన్నం, ఆ పక్కది, దాని పక్కది. ఉత్త బురద. తలెత్తినప్పుడు ఆయన కళ్లలో భయం చూసింది మహాలక్ష్మి. కాపురానికొచ్చాక అదే మొదటిసారి.

తర్వాత ఆయన పరిగెత్తాడు. ప్రతి గుమ్మం ముందూ ఆగి, బురద చేత్తోనే తలుపులు బాదాడు. "లేవండర్రా, నా మాట నమ్మకండి, బస్సెక్కండి," అని గొంతు పోయేలా అరిచాడు.

చివరి మనిషి ఎక్కాక బస్సు కదిలింది. మాణిక్యం కోడలి పక్కన ముడుచుకు కూర్చున్నాడు.

"మొన్నటి రెండు తుపాన్లకీ పీతలు రాలేదని అందర్నీ ఆపేశానమ్మా," అన్నాడు మెల్లగా. "ఆ తుపాన్లు పక్కకి పోయాయి. నేను చెప్పిందే జరిగిందనుకున్నాను."

మహాలక్ష్మి ఆయన చెయ్యి ఒళ్లోకి తీసుకుని, కొంగుతో బురద తుడిచింది. వెనక రోడ్డు మీదికి నీళ్లు ఎక్కుతున్నాయి.