పెత్తనం, అలక, నెమ్మది

"ఆ మూడింటి మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు మా మీద పెట్టినా ఈ ఇల్లు ఇంకోలా ఉండేది" అన్నారు మా అత్తగారు, నేను సింకు దగ్గర నిలబడి తాబేళ్లకి వెయ్యడానికి వానపాములు కడుగుతుంటే. అప్పటికి ఆవిడ రెండో కాఫీ తాగడం అయింది. మా ఆయన చొక్కాకి ఇస్త్రీ అయింది, రెండు డబ్బాల్లో మధ్యాహ్నం భోజనం సర్దడం అయింది, బాత్రూంలో నేలమీద ఆయన వదిలేసిన తడి తువ్వాలు దండెం మీదకి చేరింది. ఆ పదోవంతు సంగతి తర్వాత, మిగతా తొమ్మిది వంతులూ రోజూ ఎవరి నోట్లోకి, ఎవరి ఒంటి మీదకి పోతున్నాయో అడగాలనిపించింది. కానీ చేతిలో వానపాము మెలికలు తిరుగుతోంది. జారితే సింకు తూములోకి పోతుంది, దానికీ నేనే మాట పడాలి.

తాబేళ్లని తెచ్చింది నేను కాదు. తొమ్మిదేళ్ల కిందట మా అమ్మాయి పదో పుట్టినరోజుకి మా ఆయనే తెచ్చారు. ఆయన పనిచేసే కరెంటాఫీసులో ఎవరో బదిలీ మీద వెళ్తూ వదిలించుకున్నారు. పెట్టె తాబేళ్లంటారు వీటిని. పొట్ట కింది చిప్ప మధ్యలో మడత ఉంటుంది, భయం వేస్తే తలా కాళ్లూ లోపలికి లాక్కుని, తలుపు వేసినట్టు మూసేసుకుంటాయి. మా అమ్మాయి మురిపెం ఇరవై రోజులు, ఆయన మురిపెం అంతకన్నా ఒక వారం తక్కువ. అమ్మాయి ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, ఫోన్లో నా గురించి అడగడం మరిచిపోయినా వాటి గురించి అడుగుతుంది, పాపం. ఆయన మాత్రం చుట్టాలొచ్చినప్పుడు ముందుగదిలోకి తొట్టెలు తెప్పించి "మేం పెంచుకుంటున్నామండీ, చాలా ఓపిక కావాలి" అని చెప్తారు. ఆ 'మేం' విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. తొట్టెలు మోసుకొచ్చేదీ నేనే, చుట్టాలు వెళ్లాక మళ్లీ లోపల పెట్టేదీ నేనే.

పేర్లు పెట్టడానికి నాకు ఏడాది పట్టింది. మొదట్లో మూడూ బోర్లించిన గిన్నెల్లా ఒకేలా కనిపించేవి. రోజూ పొద్దున్నే చీకటుండగా లేచి నీళ్లు మార్చేటప్పుడు, ఆ అరగంట ఇంట్లో ఎవరూ నన్ను పిలవరు కాబట్టి, వాటిని చూస్తూ కూర్చునేదాన్ని. అలా చూడగా చూడగా మనుషుల్లాగే తేలాయి. ఒకటి నా అడుగుల చప్పుడు వినగానే తొట్టె గోడని ముక్కుతో పొడిచేది, కొత్తగా ఆకు వేసినా రాయి పెట్టినా ముందు తనే ఎక్కి చూడాలి, పక్కదాని పళ్లెంలో కూడా తనే మొదటి ముద్ద తినాలి. అది పెత్తనం. ఇంకోదానికి పళ్లెం ఎడమ వైపు నుంచి కుడి వైపుకి జరిగినా చాలు, టక్కున తలుపు వేసుకునేది. మనం చూస్తున్నంతసేపూ తియ్యదు. వెనక్కి తిరిగి ఏదో పనిలో ఉన్నట్టు నటిస్తే సన్నగా సందు చేసి చూస్తుంది, పుట్టగొడుగు ముక్క కనిపిస్తే పౌరుషమంతా మరిచిపోయి వచ్చేస్తుంది. దాని అలక ఎప్పుడూ ఒక పూట దాటలేదు. దాని పేరు అలక.

మూడోది నెమ్మది. తొమ్మిదేళ్లలో అది ఒక్కసారి కూడా తలుపు వేసుకుని ఎరగదు. తక్కెడ మీద పెట్టి తూచినా, గోళ్లు కత్తిరించినా మెడ బయటే పెట్టుకుని, ఎర్రటి కళ్లతో నన్ను చూస్తూ ఉంటుంది. మిగతావి తిని వదిలేసింది తింటుంది. పక్కది మీదకెక్కితే తనే జరుగుతుంది. అందుకే దానికి వేరే తొట్టె, వేరే పళ్లెం పెట్టాను. గొడవ చేసేవాటి గురించి భయం లేదు, ఏమీ అననిదాన్ని మాత్రం రోజూ చూసుకోవాలి. వీపు మీద ఎడమ పక్కన పసుపు చార ఒకటి అడ్డంగా చీలి ఉంటుంది, అదీ గుర్తు. ఒకసారి చూస్తే ఎవరైనా పోల్చుకోవచ్చు.

నేను చేసేది రక్తపరీక్షల ల్యాబులో పని. పద్దెనిమిదేళ్లుగా అదే కుర్చీ, అదే మైక్రోస్కోపు. నా దగ్గర స్లైడు తయారు చేయడం నేర్చుకున్నవాడు రెండేళ్ల కిందటే సెక్షన్ ఇన్‌చార్జి అయ్యాడు. నాకు మాత్రం పెద్దలెవరైనా వచ్చినప్పుడు పూలగుత్తి ఇచ్చే పని తప్పలేదు, "ఆడవాళ్లెవరైనా ముందుకి రండమ్మా" అని పిలిచేవారు. ఈ ఏడాది ఎనిమిది గంటల ప్రయాణం దూరంలో కొత్త ల్యాబు తెరిచారు. అంత దూరం ఎవరూ వెళ్లనన్నారు. అప్పుడు నేను గుర్తొచ్చాను. రెండేళ్లు ఇన్‌చార్జిగా ఉండాలి, ఇల్లు వాళ్లే ఇస్తారు, ముందు తొమ్మిది రోజులు ట్రైనింగు. "వచ్చాక సోమవారంలోగా చెప్పండి మేడమ్. ఇంట్లో అడగండి, సార్ ఒప్పుకోవాలి కదా" అన్నాడు మేనేజరు. ఆ సెక్షన్ ఇన్‌చార్జిని కూడా ఇంట్లో అడిగి రమ్మన్నారా అని నోటిదాకా వచ్చింది. కానీ నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎంత కావాలో పైకి చెప్పుకోవడానికి సిగ్గేసేంత కావాలి. నా పేరు మీద ఒక గది, నేను చెప్తే తెరిచి నేను చెప్తే మూసే ల్యాబు. అందుకే మాట మింగేసి తల ఊపాను.

ఇంట్లో చెప్తే ఆయన టీవీ గొంతు కూడా తగ్గించలేదు. "రెండేళ్లా? అమ్మ సంగతేంటి? నా సంగతేంటి?" అన్నారు. అత్తగారికి కళ్లు, చెవులు, మోకాళ్లు అన్నీ నాకన్నా బాగా పనిచేస్తాయి. ఆయనకి యాభై రెండేళ్లు. "పోనీ, ఆ తాబేళ్ల సంగతైనా ఆలోచించావా?" అన్నారు మళ్లీ. ఆ మాటకి మాత్రం నా చూపు వెనక వరండా వైపు పోయింది. అది చూసి ఆయనకి ధైర్యం వచ్చినట్టుంది. "సరే, ముందు ఆ ట్రైనింగుకి వెళ్లిరా. నువ్వు లేకుండా ఇల్లు ఎలా నడుస్తుందో చూశాక మాట్లాడుకుందాం. తాబేళ్లదేముంది, ఏనుగుల్ని ఇచ్చినా చూసుకుంటా." పరీక్ష రాసేది ఆయన, తప్పితే తప్పింది నేనవుతానని అప్పుడు నాకు తట్టలేదు.

నాలుగు పేజీలు రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. బొమ్మలు కూడా గీశాను, ఎవరి వీపు మీద ఏ చార ఉందో. వెచ్చదనం కోసం దీపం పగలంతా వెలగాలని, మట్టి తడిసి ముద్ద కాకూడదని, ముగ్గుర్నీ ఒక తొట్టెలో వెయ్యొద్దని రాశాను. చివర్లో ఒక వాక్యం కింద రెండు గీతలు గీశాను. 'అలక తలుపు వేసుకుంటే కంగారు పడకండి. నెమ్మది వేసుకుంటే మాత్రం అది జబ్బు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.' "ఇది తాబేళ్ల పెంపకమా, డాక్టరేట్ కోర్సా?" అని ఆయన నవ్వారు. అత్తగారూ నవ్వారు.

ఆ తొమ్మిది రోజులూ ఎవరో వండింది కూర్చుని తిన్నాను. స్లైడు తయారీ పాఠం నన్నే చెప్పమన్నారు, నేను మాట్లాడుతుంటే పన్నెండు మంది నోట్సు రాసుకున్నారు. రోజూ సాయంత్రం ఫోన్ చేసేదాన్ని. "నెమ్మది తింటోందా?" అంటే "బ్రహ్మాండంగా. పుట్టగొడుగంతా అదే లాగించేసింది" అనేవారు. "అలకో?" అంటే "దానికేం, తలుపులేసుకుని కూర్చుంది" అనేవారు. ఐదో రోజూ అదే మాట. ఏడో రోజు "ఇంకా తియ్యలేదా?" అంటే "నీ మీద బెంగేమో, వచ్చి బతిమాలుకో" అన్నారు. నేను నవ్వాను. అలక ఒక పూట కంటే అలగదని నాకు తెలుసు. తెలిసీ నవ్వాను. తిరిగి వెళ్లాల్సిన కారణమేదీ ఆ ఫోన్లో వినపడకూడదని కోరుకున్నాను కాబట్టి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

పదో రోజు పొద్దున ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా వెనక వరండాలోకి వెళ్లాను. నెమ్మది తొట్టె కడిగి బోర్లించి ఉంది. ఒక్క తొట్టెలోనే మూడూ ఉన్నాయి. "ఒకటైతే కడగడం సులువు కదా" అన్నారు ఆయన వెనక నుంచి. దీపం ఆర్పేసి ఉంది. పగటిపూట దీపమేంటని కరెంటాఫీసు మనిషికి అనిపించిందట. మట్టి నీళ్లోడుతోంది. పెత్తనం పళ్లెంలో నిలబడి తింటోంది, పక్కనే అలక తింటోంది. మూల తడిలో, తలుపు బిగించుకుని, వీపు మీద చీలిన పసుపు చారతో నెమ్మది ఉంది. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. మూసిన చిప్ప సందులోంచి చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి ఆయనే కారులో తీసుకొచ్చారు, ఆ మాట ఎందుకు దాచాలి. ముందు బల్ల దగ్గర అమ్మాయి చీటీ రాస్తూ "పేరు చెప్పండి" అంది. "నెమ్మది" అన్నాను.

"నెమ్మదేంటి?" అన్నారు ఆయన. "ఇది అలక కదా."

ఆ అమ్మాయి కలం పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను ఆయన్ని చూశాను. తొమ్మిది రోజుల ఫోన్లన్నీ ఒక్కొక్కటే నా చెవిలో వెనక్కి తిరిగాయి. పుట్టగొడుగు లాగించింది అలక. తలుపు వేసుకున్నది నెమ్మది. తొమ్మిదేళ్లు ఒకే కప్పు కింద ఉండి, వచ్చినవాళ్లందరికీ పేర్లు చెప్పి మరీ చూపించి, ఏది ఎవరో ఆయనకి తెలియదు. నాలుగు పేజీలూ ఫ్రిజ్ మీద అలాగే ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి ఇలా మూసుకుని ఉంది?" అంది డాక్టరమ్మ.

"వారం అయ్యుంటుందండీ" అన్నారాయన. "అలిగిందనుకున్నాం."

ఆ గొంతు నాకు తెలుసు. సరిగ్గా ఆ గొంతుతోనే, ఆ మాటే, మా పెళ్లైన రెండో ఏట ఇంకో డాక్టర్‌కి చెప్పారు. అప్పుడు స్ట్రెచర్ మీద ఉన్నది నేను. రెండు రోజులు కడుపు పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటే "మొన్న కూరలో ఉప్పెక్కువైందని అన్నానుగా, అలిగింది" అని ఆయన అత్తగారితో చెప్పారు. "అలిగితే అన్నం మానేస్తుందిలే, రెండు పూటలు మాడితే తనే లేస్తుంది" అని ఆవిడ అన్నారు. తలుపు సందులోంచి రెండు మాటలూ వినపడ్డాయి. అపెండిక్స్ పగిలాక లేపారు. ఇన్ని రోజులు ఏం చేస్తున్నారని డాక్టర్ గద్దిస్తే ఈయన ఇలాగే చేతులు కట్టుకుని, ఇలాగే చిన్నగా నవ్వి, "అలిగిందనుకున్నామండీ" అన్నారు. ఇరవై ఏళ్లు నేను దాన్ని ఒక తమాషాగా చెప్పుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చినవాళ్లని నవ్వించాను కూడా. ఆరోజు ఆ బల్ల ముందు నిలబడ్డాక, అందులో నవ్వాల్సింది ఏముందో వెతికితే నాకు ఒక్కటీ దొరకలేదు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని చెప్పింది డాక్టరమ్మ. చలి, తడి. నాలుగు రోజుల ముందు తెచ్చి ఉంటే బాగుండేదంది. మూడు రోజులు ఇంజెక్షన్లు చేసింది. శనివారం మధ్యాహ్నం నా అరచేతిలో నెమ్మది తలుపు తీసింది. మెడ బయటికి చాచి నన్ను చూసింది. నోరు తెరిచి గాలి కోసం రెండుసార్లు ఆవులించింది. మూడోసారి ఆవులించలేదు. నేను వెనక పెరట్లో గొయ్యి తవ్వుతుంటే అత్తగారు మెట్ల మీద కూర్చుని "నోరులేని జీవం, నువ్వుంటే పోయేదా" అన్నారు. ఆవిడకి నిజంగానే బాధేసింది. ఇంట్లో తనూ కొడుకూ ఉన్నారుగా అన్న ఆలోచన మాత్రం ఆవిడకి రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, నేను గిన్నెలు తీస్తుంటే ఆయన "ఇలా కూర్చో" అన్నారు. చాలా మెత్తగా అన్నారు. ఆ మెత్తదనం అమ్మాయికి పదో తరగతిలో మార్కులు తగ్గినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడే.

"నేనేదో అంటున్నానని కాదు. తొమ్మిది రోజులు నువ్వు లేకపోతే ఏమైందో చూశావుగా. నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఇంతే. అది నీ గొప్పతనమే అనుకో, నేను కాదన్నానా? మరి రెండేళ్లంటే ఎలా? మిగిలిన ఆ రెండింటి గతేంటి? నువ్వే ఆలోచించు."

అత్తగారు పక్కనుంచి "వాడు చెప్పేది నీ మంచికే" అన్నారు.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. చంపింది ఈయన. ఆ చావునే మడిచి, నాకు కితాబులా చేతిలో పెడుతున్నారు. తీసుకుని కళ్లకద్దుకుని లోపలికెళ్లి గిన్నెలు తోముకోవాలి. మొన్నమొన్నటి దాకా అయితే అలాగే చేసేదాన్నేమో. తప్పు నాదేనని, వెళ్లకుండా ఉంటే బతికేదని రాత్రంతా ఏడ్చి, సోమవారం మేనేజరుకి ఫోన్ చేసి కుదరదండీ అని చెప్పేదాన్ని. ఆయన కూడా దాని కోసమే ఎదురుచూస్తున్నారు. నేను చేతులు తుడుచుకుని, ఫోన్ తీసి, సోమవారం దాకా ఎందుకని అప్పుడే మేనేజరుకి రెండు ముక్కలు రాసి పంపాను.

"ఏం రాశావ్?" అన్నారు ఆయన.

"వస్తున్నానని. మీరు చెప్పింది నిజమేనండీ. ఆ రెండింటినీ ఈ ఇంట్లో వదిలేస్తే బతకవు" అన్నాను. "అందుకే మేం ముగ్గురం వెళ్తున్నాం."