సగం చంపిన అన్నం

సుజుయె ఉడికిన ఎర్రటి అజుకి చిక్కుడు గింజ ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. మెత్తగా విడిపోయింది. నమ్మకం కుదరక మరొకటి నలిపింది, ఆపైన ఇంకొకటి.

ఆమెకు అరవై రెండేళ్లు. ఇరవై ఏడేళ్లుగా ఊరి బడి వంటశాలలో పళ్ళేలు కడుగుతోంది. వేడినీళ్లకు ఎర్రబారిపోయిన ఆ చేతుల్లోంచి ఇన్నేళ్లలో ఒక్క పళ్ళెం జారలేదు. జారుతుందేమోనన్న భయం మాత్రం ఒక్కపూటా వదల్లేదు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తంటే భయపడేది. భర్త యాసుహికో పోయాక, అత్త కూడా పోతుందేమోనని భయపడుతోంది.

కొత్త సంవత్సరం నాడు తొంభై ఒక్కేళ్ల ఆ అత్త తోసె గొంతులో మోచి అనే జిగురుబియ్యపు ముద్ద అడ్డం పడింది. పెదవులు నీలమయ్యాయి. సుజుయె వీపు చరిచి చరిచి కక్కించింది. జిగురుబియ్యం గడప దాటనివ్వొద్దన్నాడు డాక్టరు. దాదాపు తొమ్మిది నెలలపాటు దాటనివ్వలేదు. కాని ఇవాళ పగలూ రాత్రీ సమానమయ్యే శరత్కాలపు రోజు, పోయినవాళ్లను తలుచుకునే రోజు. సమాధి దగ్గర యాసుహికోకి ఒహగి, అంటే అజుకి పూత వేసిన జిగురన్నపు ఉండలు, పెట్టాలి.

"వాసన చూపించి చంపుతావేంటే? నాకూ పెట్టు," అంది తోసె, వంటింటి స్తంభానికి జారగిలబడి.

"డాక్టరుగారు వద్దన్నారు కదా, అత్తయ్యా."

"ఆ కుర్రకుంక పుట్టకముందు నుంచీ తింటున్నా."

సుజుయె ఉడికిన జిగురన్నాన్ని చెక్క రోకలితో నెమ్మదిగా దంచసాగింది. మెతుకు సగం నలిగితే సగం చంపడమనీ, ముద్దయ్యేదాకా దంచితే పూర్తిగా చంపడమనీ అంటారు అక్కడివాళ్లు.

"సగమే చంపుతావా, పూర్తిగానా?"

సుజుయె చేతిలో రోకలి ఆగిపోయింది.

"అన్నం సంగతే అడిగా, పిరికిదానా!" బోసినోటితో పకపకా నవ్వింది తోసె.

ఆ నవ్వుకే సుజుయె లొంగిపోయింది. చెయ్యి ఉప్పునీళ్లలో తడిపి, శనగగింజంత ఉండలు చేసి, తీపి అజుకి ముద్ద అద్ది, ఒక్కొక్కటే చెంచాతో అందించింది. అత్త మెడమీది ముడతలు పైకి లేచి కిందికి జారేదాకా తన ఊపిరి బిగబట్టేది. పదకొండు ఉండలు. పదకొండుసార్లు.

"పిచ్చుకకి మేత పెట్టినట్టుంది," అని గొణిగింది తోసె. అయినా చెంచా నాకింది.

సుజుయె అత్త నోరు తడిగుడ్డతో తుడిచి, నాలుక కింద కూడా చూసి, యాసుహికో వంతు గుడ్డలో మూటగట్టుకుని కొండెక్కింది. సమాధి రాతిమీద నీళ్లు పోసింది. ఒహగి పెట్టి చేతులు జోడించబోతుండగా గుర్తొచ్చింది.

మిగిలిన అన్నం, అజుకి ముద్ద ఉన్న గిన్నె అటకమీద పెట్టలేదు. పొట్టి బల్లమీదే, అత్త చేతికి అందేలా వదిలేసి వచ్చింది.

చేతులు జోడించనేలేదు. మెట్లమీద రెండుసార్లు కాలు జారింది. నీలం పెదవులే కళ్లముందు ఆడాయి. దారిలో ఎవరో పలకరించినా వినిపించలేదు.

ఇల్లు చేరేసరికి తోసె స్తంభానికి ఆనుకునే ఉంది, తల పక్కకు వాల్చి. గిన్నె ఖాళీ. వేళ్లనిండా అజుకి ముద్ద.

"అత్తయ్యా!"

భుజం పట్టి కుదిపి చూసింది, ఊపిరి లేదు. చెంపలో ఇంకా వెచ్చదనముంది. సుజుయె వేలితో ఆ నోరు తెరిచింది. చిగుళ్ల వెంట, చెంపల లోపల, గొంతు మొదలు దాకా తడిమింది. ఏమీ లేదు. ఒక్క మెతుకూ లేదు. పెదవులు పాలిపోయాయి, నీలమవలేదు.

డాక్టరు వచ్చి, టార్చి వేసి చూసి, "గొంతులో ఏమీ లేదమ్మా. గుండె ఆగింది, అంతే. నిద్రలో పోయినట్టే," అన్నాడు.

"నేను పెట్టాను," అంది సుజుయె. "పదకొండు ఉండలు."

"అవి ఎప్పుడో దిగిపోయాయి," అన్నాడాయన.

డాక్టరు వెళ్లాక అత్త వేళ్లు కడగడానికి నీళ్లు తెస్తూ బల్లవైపు చూసింది సుజుయె. బోర్లించిన చిన్న గిన్నె ఒకటి, దాని పక్కన సుజుయె రోజూ అన్నం తినడానికి వాడే జత పుల్లలు తిన్నగా సర్ది ఉన్నాయి. గిన్నె ఎత్తింది. కింద పిడికిలంత ఒహగి, ఒకపక్కకి ఒరిగి, తడి ఆరని అజుకి పూతమీద ముసలి వేళ్లు నాలుగూ నొక్కిన గుంటలతో ఉంది.