లాగడం వేరు, ఆపడం వేరు

కావ్యశ్రీకి లారీలంటే భయం లేదు, కొండదారులంటే భయం లేదు. కార్డిఫ్‌లో ఆసుపత్రి ఫార్మసిస్టుగా వేళాపాళా లేని డ్యూటీలు చేస్తూ, వానలోనూ మంచులోనూ కారు నడిపి రాటుదేలిన మనిషి. ఆమెకు భయమల్లా ఒక్క మాటంటేనే: "వద్దు అంకుల్." పార్థసారథిగారితో ఆ మాట అన్న తెలుగువాళ్లు ఆ ఊళ్లో ఇంతవరకూ ఎవరూ లేరు.

శనివారం ఆమె ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని, కొత్తగా కొన్న కారవాన్‌ని వెనక తగిలించుకుని ఎడిన్‌బర్గ్ దాకా వెళ్లాలి. భర్త రఘువీర్ డాక్టరు. పని మీద ముందే వెళ్లి అక్కడ కలుస్తాడు. కారవాన్ అంటే చిన్నా చితకా వ్యవహారం కాదు. వంటగదీ, పడకలూ, బాత్రూమూ ఉన్న చక్రాల ఇల్లు. వాళ్ల చిన్న కారు దాన్ని కదిలించనైనా లేదు. న్యూపోర్ట్ దగ్గర ఒక డీలర్ యార్డులో ఆమె ఓ పికప్ ట్రక్కు చూసి పెట్టుకుంది. కారవాన్ కంటే బరువైన బండి. ఈ రోజు యార్డు మూసేలోపు ఖాయం చెయ్యకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు డీలర్.

సరిగ్గా అప్పుడే పార్థసారథిగారు తన పాత ఎస్‌యూవీని వీళ్లకి ఊరికే ఇచ్చేస్తానన్నారు. రఘువీర్ చేతులు కట్టుకుని ఒప్పేసుకున్నాడు.

"ఆ కారు కారవాన్ కంటే తేలిక రఘూ. లాగుతుంది, కాదనను. లాగడం వేరు, ఆపడం వేరు. వెనకున్నది బరువెక్కువైతే అదే మనల్ని తోసుకెళ్తుంది" అంది కావ్యశ్రీ.

"నిజమేలే. కానీ వద్దని ఎలా చెప్పమంటావ్? మనం ఈ దేశంలో దిగిన రోజు బస్ స్టేషన్‌కొచ్చి మన సూట్‌కేసులు మోసిన మనిషి. ఫ్లాట్ దొరికేదాకా వాళ్లింట్లోనే తిన్నాం."

"తిన్నాం. అందుకని పిల్లల్ని పణంగా పెట్టమంటావా?"

మొహమాటం అనే జబ్బుకి డాక్టర్ల దగ్గర కూడా మందు లేదు. చివరికి ఆమే ఒక ఉపాయం కనిపెట్టింది. సామానంతా సర్ది, ఆ కారుతోనే ఒకసారి లాగి చూద్దామంది. కారే కాదనేస్తే తను అనక్కర్లేదు కదా! తెలివైన ఆలోచనే. పిరికిది కూడా.

మధ్యాహ్నం పార్థసారథిగారు కారవాన్ ఉంచిన ఫార్మ్‌కి వచ్చారు. రిటైరైన సర్జన్. డెబ్బై దాటినా నిటారుగా నడుస్తారు, ఎదుటివాళ్లు మొదలుపెట్టిన మాటను తానే పూర్తి చేసేస్తారు. వస్తూనే చొక్కా చేతులు మడిచి సర్దుడు మొదలుపెట్టారు. తెలుగువాళ్ల ప్రయాణమాయె: బియ్యం బస్తాలు, వెట్ గ్రైండర్, ఆవకాయ జాడీ, నీళ్ల క్యాన్లు. అన్నిటినీ తీసుకెళ్లి కారవాన్ వెనక గోడకి ఆనించి పెట్టించారు.

"అంకుల్, బరువు చక్రాల మీద పడాలి, కాస్త ముందుకి. కారవాన్ లాగడం నేర్పే క్లాసులో నాకు అదే చెప్పారు."

"ఏం క్లాసమ్మా! తెనాలి దగ్గర మా ఇంట్లో ఎడ్లబండి కట్టని రోజు లేదు. ముందు బరువేస్తే కాడి ఎద్దు మెడ మీద కూర్చుంటుంది. వెనక్కేస్తే ఎద్దు హాయిగా నడుస్తుంది. కారైనా అంతే. పాపం, దాని నడుం మీద బరువెందుకు?"

ఎద్దు సంగతి ఆయనకి బాగా తెలిసే ఉంటుంది. కానీ ఎద్దు గంటకి యాభై మైళ్లు పరిగెత్తదు. పెద్దల మాట చద్దిమూట అంటారు గానీ, ఆ మూట ఎక్కడ పెట్టాలో కూడా పెద్దలే చెప్తే ఇలాగే ఉంటుంది. కావ్యశ్రీ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. మేమూ వస్తామని పిల్లలు గొడవ చేస్తే మాత్రం గట్టిగా వద్దని చెప్పి రఘువీర్ దగ్గర వదిలేసింది.

కావ్యశ్రీ నడుపుతుంటే, డ్యూయల్ క్యారేజ్‌వే అనే పెద్ద రోడ్డు ఎక్కేదాకా బాగానే ఉంది. "చూశావా, ఎంత తేలిగ్గా పోతోందో" అన్నారు పార్థసారథిగారు పక్క సీట్లోంచి. ఆ తేలికే ఆమెకి నచ్చలేదు. కారు వెనక చక్రాలు నేలకి ఆనీ ఆననట్టున్నాయి.

రోడ్డు పల్లంలోకి దిగింది. వేగం తనంతట తానే పెరిగింది. కుడివైపు నుంచి ఓ పెద్ద లారీ దాటింది. ఆ గాలి తగలగానే కారవాన్ తోక ఎడమకి ఊగింది. తర్వాత కుడికి. తర్వాత ఇంకాస్త ఎక్కువగా ఎడమకి. దాని గోడ ఒకసారి ఈ అద్దంలో, ఒకసారి ఆ అద్దంలో కనబడుతోంది. కారుని ఎవరో తోక పట్టుకుని అటూ ఇటూ ఈడుస్తున్నట్టుంది. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

"బ్రేక్! బ్రేక్ వెయ్యమ్మా! అటు తిప్పు!" అని అరుస్తూ పార్థసారథిగారు స్టీరింగ్ అందుకోబోయారు.

ఇప్పుడు బ్రేకు నొక్కితే వెనకున్నది తోసుకొచ్చి కారుని అడ్డంగా తిప్పేస్తుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసినా, ఇన్నేళ్లూ ఆయన చెప్పినట్టే చేసిన అలవాటు కొద్దీ కాలు బ్రేకు వైపు జరిగింది. అద్దంలో వెనక సీటు కనబడింది, ఖాళీగా. శనివారం అది ఖాళీగా ఉండదు.

"చెయ్యి తియ్యండి! నోరు మూసుకుని కూర్చోండి!"

అరిచింది తనేనని ఆమెకి ఆ క్షణంలో తెలియలేదు. ఆయన చెయ్యి వెనక్కి పోయింది. ఆమె యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, స్టీరింగ్‌ని తిన్నగా, కదలకుండా పట్టుకుంది. ఏమీ చెయ్యకుండా ఉండటమంత కష్టమైన పని ఆమె జీవితంలో చెయ్యలేదు. ఇంకోసారి ఊగింది. ఇంకోసారి, కాస్త తక్కువగా. పల్లం అయిపోయి రోడ్డు ఎత్తెక్కాక ఆ ఊపు చచ్చింది. ముందు కనబడిన లే-బైలో, రోడ్డు పక్కన బళ్లు ఆపుకునే చోట, ఆపింది.

పార్థసారథిగారు వెనక్కి తిరిగి కారవాన్ వైపు చూశారు.

"సామాను ముందుకి సర్దేస్తే సరిపోతుందిలే. కారు తప్పేం లేదు."

కారే నా వల్ల కాదని అరిచి మరీ చెప్పినా ఆయనకి వినబడలేదు. ఇక ఆమే చెప్పాలి.

"ఈ కారు మాకొద్దు అంకుల్."

"ఏంటీ?"

"ఎలా సర్దినా ఇది వెనకున్నదాని కంటే తేలికే. న్యూపోర్ట్‌లో ఒక ట్రక్కు చూశాను. ఈ సాయంత్రంలోపు చెప్పాలి. మీరు చేసింది చచ్చేదాకా మర్చిపోను. కానీ ఈ కారు వద్దు."

"రఘువీర్ ఒప్పుకున్నాడు."

"నడిపేది నేను."

ఆయన తలుపు తీసుకుని దిగి, అటు తిరిగి నిలబడ్డారు. ఆమెకి ఏడుపొచ్చింది. తండ్రి లాంటి మనిషిని ఈ దేశంలో ఇంకెక్కడ వెతుక్కుంటుంది?

వాళ్లు ఊగుతూ రావడం చూసిన పోలీసు కారు ఒకటి వచ్చి వెనక ఆగింది. కావ్యశ్రీ కూడా దిగింది. ఆఫీసరమ్మ కారవాన్ చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూసి, ఇదంతా ఇలా సర్దింది ఎవరని అడిగింది.

"నేనే" అంది కావ్యశ్రీ. తిట్లు ఎలాగూ డ్రైవరుకే. ఆయన్ని ఒకే రోజు రెండోసారి చిన్నబుచ్చడం ఆమెకి ఇష్టం లేదు.

పార్థసారథిగారు ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. ఇటు తిరిగారు.

"కాదు ఆఫీసర్. సర్దింది నేను. తను చెప్పింది, నేను వినలేదు." అని ఇంగ్లీషులో చెప్పి, తన కారు వైపు చెయ్యి చూపించారు. "ఇంకో సంగతి. ఈ కారు దీనికి చాలదు. అదీ తనకి ముందే తెలుసు."

సామాను మార్చుకుని, నెమ్మదిగా వెనక్కి తీసుకెళ్లమని హెచ్చరించి ఆఫీసరమ్మ వెళ్లిపోయింది. ఇద్దరూ కలిసి బస్తాలన్నీ చక్రాల మీదికి జరిపారు. అది అయ్యాక ఆయన చేతులు దులుపుకుంటూ అన్నారు.

"ఇంకా చూస్తావేంటమ్మాయ్? ఫోన్ చెయ్యి. ఆ ట్రక్కు ఎవరో ఒకరు పట్టుకుపోతారు."

ఆమె ఫోను తీసింది గానీ, నంబరు నొక్కకుండా ఆయన వైపే చూస్తూ నిలబడింది. ఆయన ఫోను అందుకుని, డీలర్ పేరు అడిగి వెతికి, నొక్కి, అవతల మోగడం మొదలవగానే ఆమె చేతిలో పెట్టేశారు.

"మాట్లాడు. నడిపేది నువ్వు కదా" అన్నారు.