వాన తీయాల్సిన కాగితం

బకెట్లో వేడినీళ్ళు చల్లబడి చాలాసేపయింది. బస్టాపు అద్దానికి అంటుకున్న ముసలాయన ముఖాన్ని వెలిచ్కా నుదుటి దగ్గర్నుంచి గీకుతూ వస్తోంది. నుదురు తేలిగ్గానే ఊడింది, మీసం మాత్రం రాలేదు. ఎవరో మంచి జిగురు కాచి ఓపిగ్గా అంటించారు. గీకే రేకు పదును పోయింది కాబట్టి గోళ్ళతో పీకింది. నవంబరు చలికి వేళ్ళు ఎప్పుడో మొద్దుబారాయి. గోటి సందుల్లో నల్లసిరా, తడి గుజ్జు. ఆయన పక్కన ఇంకా ముగ్గురున్నారు, వాళ్ళ పక్కన స్కూల్లో లెక్కలు చెప్పిన టీచరమ్మ ఉంది.

మనిషి పోయిన మూడో రోజున, నలభయ్యో రోజున, ఏడాదికి ఒకసారి నల్లంచు కాగితం వేయించి, ఫొటోతో సహా స్తంభాలకీ చెట్లకీ ఇంటి తలుపులకీ అంటించడం దోల్నా రేకా ఊళ్ళో తాతల నాటి అలవాటు. అంటించడం మనిషి పని, తీయడం వానా గాలీ పని. చేత్తో తీసినవాళ్ళ గుమ్మానికి ఏడాది తిరక్కుండా ఇంకో కాగితం పడుతుందంటారు. నమ్మినవాళ్ళూ తీయరు, నమ్మనివాళ్ళూ తీయరు. అద్దెకు ఇల్లు ఉందని ప్రకటన అంటించే కుర్రాడు కూడా చచ్చినవాళ్ళను తప్పించి పక్కన అంటించుకుంటాడు.

ఇప్పుడు మున్సిపాలిటీకి అవి చెత్తయ్యాయి. వారం వారం వచ్చే 'మన పట్టణం' పత్రికలో మొదటి పేజీలోనే వేశారు: రాలిన ఆకులు మంగళవారం తీసుకెళ్తారు, కుక్కలకు టీకాలు వేయించాలి, మంచినీళ్ళు గురువారం రావు, శుక్రవారం మధ్యాహ్నం స్వచ్ఛ పట్టణాల పోటీ కమిటీ వస్తోంది కనుక అనుమతి లేని కాగితాలన్నీ తొలగించబడును, మళ్ళీ అంటిస్తే రెండు వందల లేవాల జరిమానా. అన్నీ ఒకే సైజు అక్షరాలు. మేయరు తండ్రి కాగితం మాత్రం చర్చి గేటు మీద అద్దాల ఫ్రేములో ఉంది. దాని జోలికి పోవద్దని మేస్త్రి కంబూరొవ్ విడిగా చెప్పాడు.

"చచ్చినోడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా! మేయరు నాన్నవైతే ఏకంగా రెండు చారెడు" అంది వెలిచ్కాతో పాటు రోడ్లు ఊడ్చే ఫత్మే. ఆమె ఎదుటి స్తంభం దగ్గర కచేరీ పోస్టరు పీకుతోంది. పొద్దుటి నుంచి నల్లంచు దాన్ని ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

"నువ్వు కూడా రెండు తియ్యొచ్చుగా. సగం పాపం పంచుకున్నట్టుంటది."

"నాకు ముగ్గురు పిల్లలున్నారే తల్లీ. నీకు లేరుగా, నీకే సరిపోద్ది." అన్నాక తనే నాలుక్కరుచుకుంది. "ఏదో నోరు జారిందిలే, మనసులో పెట్టుకోబాక. నేనైతే ఇవి తియ్యనని పొద్దున్నే చెప్పా. మేస్త్రి ఏమీ అన్లేదు. నిన్నే ఎందుకు పెట్టాడో నీకు తెలియదా?"

తెలుసు. డిసెంబరుతో వెలిచ్కా ఒప్పందం అయిపోతుంది. నెలకు తొమ్మిది వందల లేవాలు. భర్త అసేన్ పరంజా మీద నుంచి పడి నడుం విరిగి మార్చి నుంచి మంచంలోనే ఉన్నాడు. అసలే గోరుచుట్టు, దానిమీద రోకటిపోటు, చలికాలానికి కట్టెలు ఇంకా కొననే లేదు. 'ఈ పని శుభ్రంగా చెయ్యి, మిగతాది నేను చూసుకుంటా' అన్నాడు కంబూరొవ్. అంతకంటే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఫత్మేకి కూడా తెలియదు.

మందుల షాపు మూల తిరగ్గానే గోడ మీద స్తోయ్నా కనబడింది. అది పెళ్ళిలో తీసిన ఫొటో, ఎవరి పెళ్ళో గుర్తు లేదు, పక్కవాళ్ళను కత్తిరించేశారు. స్తోయ్నా నవ్వుతోంది, ముందు పన్ను లేదు. ఏడేళ్ళు ఇద్దరూ ఒకే రోడ్డు చెరో పక్కన ఊడ్చారు. కింద నాలుగు వాక్యాలున్నాయి. ఆఖరిది మిగతా వాటికంటే లావు అక్షరాల్లో ఉంది: 'ఉదయం ఐదుంబావుకి, చీపురు చేతిలో ఉండగా, మున్సిపాలిటీ పనిలో ప్రాణం విడిచింది.'

పత్రికలో అలా వేయలేదు. 'రోడ్డు పక్కన నడుస్తున్న ఒక పౌరురాలు వాహనం ఢీకొని మరణించారు' అని ఆకుల వార్తకూ కుక్కల వార్తకూ నడుమ రెండు లైన్లు వేశారు. మున్సిపాలిటీ లెక్కలో పని ఆరింటికి మొదలు. కార్లు రాకముందే పెద్దరోడ్డు అద్దంలా ఉండాలని ఐదింటికే దింపేవాడు కంబూరొవ్. ఆ చీకట్లో మెరిసే కోట్లు కూడా ఇవ్వలేదు. స్తోయ్నా పోయిన వారానికి అందరికీ నారింజరంగు కోట్లు వచ్చాయి. విచారణకు వచ్చినాయన ఆఫీసు గదిలో వెలిచ్కాను అడిగాడు, "మీరు ఆరింటికేగా మొదలుపెడతారు?" పక్కన కంబూరొవ్ కూర్చుని టీ కలుపుకుంటున్నాడు. వెలిచ్కా తలూపింది. నోటితో ఏమీ అనలేదు. తలూపడం అబద్ధం ఆడడం కిందకు రాదని ఇన్నాళ్ళూ తనకు తనే చెప్పుకుంటోంది.

గోడ వైపు చూడకుండా గీకింది. కాగితం తడిగానే ఉంది, పొరలు పొరలుగా వచ్చేసింది. బకెట్లో పడేసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, గబగబా నడిచింది.

తర్వాతి స్తంభానికి మళ్ళీ స్తోయ్నా. ఆ తర్వాత లిండెన్ చెట్టుకి. రొట్టెల కొట్టు కిటికీ పక్కన ఇంకొకటి, జిగురు ఇంకా కారుతూనే ఉంది. వెలిచ్కా ఒకటి తీస్తుంటే ముందెవరో ఇంకొకటి అంటించుకుంటూ పోతున్నారు.

ఎవరో తెలుసుకోడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. రొట్టెల కొట్టు దాటాక నెదెల్యా అవ్వ కనబడింది, స్తోయ్నా తల్లి. నల్ల తలగుడ్డ, చంకలో కాగితాల చుట్ట, చేతిలో మైదా జిగురు డబ్బా. మెట్టు మీద గిన్నె పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళకు ఉడకబెట్టిన గోధుమలు చెంచాతో పెడుతోంది. ఈరోజే నలభయ్యో రోజు. తీసుకున్నవాళ్ళు 'దేవుడామెను మన్నించాలి' అని తినేసి పోతున్నారు.

వెలిచ్కా రేకును కోటు కింద దాచింది.

"రావే వెలిచ్కా! నీ కోసమే చూస్తన్నా. ఇదుగో, తిను." అవ్వ రెండు చెంచాలు పోసింది. చక్కెర, అక్రోటు కలిపిన గోధుమలు. "మా స్తోయ్నా నీ పేరు తలవని రోజు లేదు. చలికి నీ చేతులు చూడు, ఎట్టా అయిపోయినయ్యో."

వెలిచ్కా ఆ చేతుల్తోనే తింది. "దేవుడామెను మన్నించాలి" అంది.

"దాన్ని మన్నించడానికి అదేం చేసిందే? మన్నింపు కావాల్సినోళ్ళు వేరే ఉన్నారు. చూశావా, ఎవడో నా ఎనకమాలే వచ్చి పీకేస్తన్నాడు! ఆ చేతులు పడిపోను. పింఛను డబ్బులు పెట్టి వంద వేయించా. పేపర్లో పౌరురాలంట! దానికి పేరు లేదా? నాలుగున్నరకి నా చేతి టీ తాగి పోయింది. ఆరింటికి పనిలోకెళ్ళే మనిషి నాలుగున్నరకి గడప ఎందుకు దాటుద్ది? ఎవరన్నా ఒక్కళ్ళు అడిగారా ఆ మాట?"

వెలిచ్కా బకెట్టును కాలితో వెనక్కి జరపబోయింది. అది తొణికింది. నల్లటి గుజ్జు పైన తేలుతూ ఒక కన్ను, సగం నవ్వు, లేని పన్ను. అవ్వ వంగి చూసింది.

లేచాక తిట్టలేదు. తిడితే బాగుండునని వెలిచ్కాకి అనిపించింది.

"తీసేముందు చదివావా?"

"చదివా అవ్వా."

"అందులో అబద్ధమేమన్నా ఉందా?"

వెలిచ్కా కాళ్ళ కింద పేవ్‌మెంటు రాళ్ళ వంక చూస్తూ నిలబడింది. అవ్వ గిన్నె మీద మూత పెట్టి, డబ్బా అందుకుని, మున్సిపాలిటీ ఆఫీసున్న చౌరస్తా వైపు నడిచింది.

అవ్వ వెనకే పోకుండా ఉండాల్సింది. ఇంకా రెండు వీధులు మిగిలే ఉన్నాయి. కానీ వెలిచ్కా కాళ్ళు అటే నడిచాయి.

ఆఫీసు అద్దాల తలుపు పొద్దున్నే తుడిచి మెరిపించారు. మెట్ల మీద పూలకుండీలు అద్దెకు తెచ్చి పెట్టారు. నెదెల్యా అవ్వ మెట్లెక్కి, సరిగ్గా తలుపు నడిమధ్య, మనిషి ముఖమంత ఎత్తులో కూతుర్ని అంటించి, తలగుడ్డ అంచుతో జిగురు తుడిచింది. లోపల్నుంచి కంబూరొవ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముసలిదాన్ని ఏమీ అనలేక, మెట్ల కింద వెలిచ్కాను చూసి ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"ఏంటమ్మా చూస్తున్నావు? ఇంకో పది నిమిషాల్లో కమిటీ బస్సొస్తుంది. వచ్చి తియ్యి!"

వెలిచ్కా మెట్లెక్కింది. రేకు ఎత్తింది. పన్ను లేని నవ్వు ఎదురుగా ఉంది. ఆ తెల్లవారుజామున ఇరవై గజాల దూరంలో రోడ్డవతల నుంచి విన్న చప్పుడు గుర్తొచ్చింది. ఎవరో తడిగుడ్డను బండకేసి కొట్టినట్టు వినిపించింది, అంతే. తను వెళ్ళేసరికి స్తోయ్నా చీపురు ఇంకా వదల్లేదు.

"నేను తియ్యను సారూ."

"ఏంటీ?"

"తియ్యను. ఐదింటికే దిగాం మేము. రోజూ ఐదింటికే. మీరే దింపారు." రేకు కిందికి దించింది. "ఆ రోజు తలూపా. తప్పు చేశా. అందరి ముందూ చెప్తన్నా."

అందరంటే ఎంతమంది? వెనకే వచ్చిన ఫత్మే, పింఛను కోసం వచ్చిన ఇద్దరు ముసలాళ్ళు, పూలకుండీల మనిషి. కంబూరొవ్ గొంతు తగ్గించాడు. "ఇంట్లో అసేన్‌ను తలుచుకో. కట్టెలు కొనుక్కోవద్దా? ఇప్పుడు తీశావంటే నువ్వన్నది నేను వినలేదు."

అసేన్‌ను తలుచుకుంది. ఎంత తలుచుకుందంటే రేకున్న చెయ్యి సగం లేచింది కూడా. తర్వాత ఆ రేకును అతని చేతిలో పెట్టింది. "మీరే తియ్యండి."

"కోటు విప్పు అయితే. సోమవారం నుంచి రానక్కర్లేదు."

ఆమె విప్పింది. లోపల మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెట్టరుంది. చలి ఒక్కసారిగా వీపును పట్టుకుంది. చేసిన పనికి గర్వమేమీ కలగలేదు.

కంబూరొవ్ తలుపు వైపు తిరిగాడు. అతనిదీ ఈ ఊరే. రేకు కాగితం దాకా వెళ్ళి ఆగింది. "ఫత్మే! నువ్విటురా."

"నడుం పట్టేసింది సారూ. మెట్లెక్కలేను" అంది ఫత్మే, బకెట్టు ఎత్తుకుని చకచకా నడిచిపోతూ.

చౌరస్తా మలుపులో తెల్ల బస్సు హారను వినబడింది. అతను కాగితం ముందు అలాగే నిలబడ్డాడు. తీయాలంటే చూడాలి, చూస్తే చదవాలి. పెదాలు కదులుతున్నాయి.

నెదెల్యా అవ్వ ఆగలేదు. మెట్లు దిగి అవతలి దీపస్తంభం దగ్గరకు పోయింది. చేతిలో డబ్బా, చంకలో కాగితాలు, ఏది ముందు దించాలో తోచక తడబడుతోంది. వెలిచ్కా వెళ్ళి కాగితం అందుకుంది. ఇంటికెళ్ళి అసేన్‌కి ఏమని చెప్పాలి, ఈ చలికాలం ఎలా గడవాలి, ఏమీ తెలియదు. కొయ్యబారిన వేళ్ళతో కాగితాన్ని స్తంభానికి అదిమిపట్టింది.

"వంకరగా ఉంది" అంది అవ్వ, ఆమె ముఖం వంక చూడకుండా. "సరిగ్గా పెట్టు."