ప్లగ్గు తీసినా పోని కరెంటు

నేను ఒక ప్లాస్మా టీవీని. సముద్రం అవతల ఏదో కర్మాగారంలో పుట్టాను. మొదట ఆరేళ్లు ఒక పెళ్లిళ్ల హాల్లో గోడకు వేలాడాను. అక్కడ నన్ను చూసినవాళ్లు తక్కువ, అందరి చూపూ భోజనాల వైపే. తరువాత గోదావరిఖనిలో ఓదెలు ఇంటికి చేరాను. ఓదెలు బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు కార్మికుల టోపీ దీపాలు బాగుచేసి రిటైరైన మనిషి. భార్య పోశక్క.

ఒక ఆదివారం పొద్దున నాకు జబ్బు చేసింది. స్విచ్ వేస్తే లోపల టక్కుమంటుంది, ఎర్రదీపం మినుకుమంటుంది, తెర మాత్రం వెలగదు. మనుషులందరూ చేసే మొదటి వైద్యమే ఓదెలూ చేశాడు: వీపు మీద రెండు చరిచాడు. ఫోన్ చేస్తే మెకానిక్ రాజమౌళి, "ఇసొంటియి ఇప్పుడు ఎవలు చేస్తలేరు, పారెయ్యి కాకా" అన్నాడు. ఆ మాట ఓదెలుకు గుచ్చుకుంది. మంచం మీద దుప్పటి పరిచి, నన్ను బోర్లా పడుకోబెట్టి స్క్రూలు విప్పాడు.

అప్పుడు నాకు భయమేసింది. నా చావు గురించి కాదు. నా కడుపులో బొటనవేలంత కెపాసిటర్లున్నాయి. కరెంటును దాచుకోవడం వాటి పని. ప్లగ్గు తీసినా వెంటనే వదలవు. ఆ కరెంటు మనిషిని చంపగలదు. ఓదెలు ఎరిగినవి నాలుగు వోల్టుల దీపాలే.

"ప్లగ్గు తీసినవా?" వంటింట్లోంచి పోశక్క అడిగింది.

"తీసిన. ఇగ భయమేంది?"

ఆయన వేళ్లు దగ్గరికొస్తున్నాయి. ఇన్నేళ్లుగా ఎన్నో గొంతులతో మాట్లాడినదాన్ని, ఒక్క "ఆగు" అనలేకపోయాను.

ఠప్పున నిప్పు లేచింది. ఓదెలు వెనక్కి ఎగిరిపడి గోడకు కొట్టుకుని జారిపోయాడు. పోశక్క పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? మాట్లాడు! నా దిక్కు జూడు!"

ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులు కదల్లేదు. నేనేనా ఇది చేసింది? ఆమె ఆయన గుండె మీద చెవి పెట్టింది.

"చెయ్యి... తిమ్మిరి," అన్నాడు చాలాసేపటికి.

ఆసుపత్రి నుంచి వేలికి కట్టుతో వచ్చాక ఆయన నా గది గడప తొక్కలేదు. రెండు రోజులు నేను కడుపు తెరుచుకుని, మిగతా కెపాసిటర్లలో కరెంటు అలాగే ఉంచుకుని పడున్నాను. మూడో రోజు పోశక్కే రాజమౌళికి ఫోన్ చేసింది. బల్బు పెట్టిన హోల్డరుకు రెండు తీగలు కట్టి, వాటిని కెపాసిటరుకు ఆనించి కరెంటు దించాలన్నాడు.

"పారేసుడైనా సరే, ముందుగాల దీని కోపం దించాలె," అంది ఓదెలుతో. "నువ్వు జాగ చూపెట్టు. నేను పట్టుకుంట."

ఓదెలు గడప అవతలే నిలబడి చూపిస్తుంటే, ఆమె రబ్బరు చేతొడుగులు వేసుకుని తీగలు ఆనించింది. బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి, ఎర్రబడి, ఆరిపోయింది. నాకు ప్రాణం కుదుటపడింది.

అప్పుడుగాని ఓదెలు దగ్గరికి రాలేదు. తల ఉబ్బిన రెండు కెపాసిటర్లు పీకి, బజారు నుంచి కొత్తవి తెచ్చి అతికించాడు. నన్ను నిలబెట్టి స్విచ్ వేస్తే తెర వెలిగింది. వెనుక మూత బిగించబోతే పోశక్క ఆపింది.

"రేపు పాతసామాన్లోడు దీన్ని పలగ్గొడితే, వానికెవలు చెప్తరు?"

ఓదెలు తెల్ల రంగు తెచ్చి నా వీపు మీద రాశాడు: ప్లగ్గు తీసినా కరెంటు ఉంటది. ముట్టద్దు.

"సదువు రానోడైతే?"

కుంచె లాక్కుని ఆమే కింద ఒక అరచెయ్యి గీసి, దాని మీద అడ్డంగా గీత కొట్టింది. వేళ్లు ఆరు పడ్డాయి. లెక్కపెట్టుకుని నవ్వింది. ఓదెలు కూడా నవ్వాడు. మూడు రోజుల తరువాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది.