తొట్టిలో పడవ

ఏది ముందో ఏది వెనకో ఈ మధ్య నాకు కలిసిపోతోంది. వరస తప్పితే సర్దుకుని చదవండి. జరిగింది మాత్రం ఇదే.

ఆ ఏటిలో లోతు తక్కువ, రాళ్లు ఎక్కువ. మామూలు ఫ్యాను బిగించిన పడవైతే రెండో వంపు దాటకముందే రెక్కలు విరుచుకుంటుంది. అందుకే అక్కడ అందరివీ జెట్ మోటార్లే. మోటారు అడుగున ఇంపెల్లర్ అని చిన్న రెక్కల చక్రం ఉంటుంది. అది నీళ్లు పీల్చి వెనక్కి తన్నితే పడవ ముందుకు పోతుంది. ఇసుకకి దాని అంచులు అరిగాయంటే మోటారు అరుస్తుందే గానీ పడవ కదలదు. అప్పుడు కొత్తది ఎంచుకోవాలి.

ఎంచుకోవడానికి మెకానికమ్మ కొట్లో గుమ్మం పక్కనే సిమెంటు తొట్టి ఉంది. ఇంపెల్లర్‌ని అందులో ముంచి, చేత్తో కుడివైపుకి ఒక్కసారి తిప్పితే సుడిలో పడవ కనిపిస్తుంది. దాన్ని బిగించుకుని వెళ్తే తిరిగొచ్చేదెవరో వాళ్లు అందులో కూర్చుని ఉంటారు. చూసుకుని, తడి తుడుచుకుని, సంచిలో వేసుకుని పోతారు.

ఆ రోజు పడవాయన వచ్చాడు. కుడి భుజం జారి కట్టు కట్టించుకున్నాడు. ఎగువన అక్కగారింటికి వెళ్లిన భార్యని తీసుకురావడానికి మర్నాడు కూతురే ఒంటరిగా పడవ నడపాలి. మొదటిసారి.

"స్టీలుది తీసుకో. రాయి తగిలినా చెక్కు చెదరదు. రెక్కల వాలు కూడా నీ మోటారుకి సరిపోతుంది," అంది మెకానికమ్మ, అటు తిరిగి ఎవరిదో మోటారు విప్పుతూ.

ఆయన స్టీలుది ముంచి తిప్పాడు. పడవ కనిపించింది. ఖాళీగా.

దాన్ని గభాలున బయటికి తీసేశాడు. పక్కనున్న అల్యూమినియందాన్ని తిప్పాడు. అందులో కూతురూ భార్యా పక్కపక్కనే కూర్చుని ఉన్నారు.

"ఇదే ఇవ్వమ్మా."

"అది మెత్తనయ్యా బాబూ, ఊరికే అరిగిపోతుంది. ఇంతసేపు కూరగాయలు ఏరినట్టు ఏరి పుచ్చుదే పట్టుకున్నావా?"

"నా పిల్ల కనిపించింది. అది చాలు."

ఆ మాటకి అక్కడ ఎవరూ ఎదురు చెప్పరు.

ఇంటి దగ్గర కూతురు పాతది తీసేసి కొత్తది తొడిగింది. రెక్కల చివరకీ గొట్టానికీ మధ్య సందు ఎంత మిగిలిందో వేలితో తడిమి చూస్తోంది. తండ్రి పీట మీద కూర్చుని సంబరంగా చెబుతున్నాడు.

"మీ అమ్మ జుట్టు విరబోసుకుందే! పడవ జోరుకి పైకి లేచిపోతోంది."

"జోరుకి వెనక్కి కదా నాన్నా ఎగిరేది?"

"లేదే, నిటారుగా పైకే. నీది కూడా. నాచులాగా మెల్లగా ఊగుతూ..."

కూతురి వేలు రెక్క మీదే ఆగిపోయింది.

"ఏ చేత్తో తిప్పావు నాన్నా?"

"ఎడమ చేత్తో. ఈ కట్టుతో ఇంకెలా తిప్పను?"

"ఎటు?"

ఆయన ఎడమ చేతిని గాల్లో తిప్పి చూపించాడు. అది ఎడమకే తిరిగింది. ఇద్దరూ ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు. కుడికి తిప్పితే తిరిగొచ్చేవాళ్లు. ఎడమకి తిప్పితే నీళ్లలోనే ఉండిపోయేవాళ్లు. అలా తిప్పిన మనిషి ఇంతవరకూ లేడు గనక ఎవరికీ తెలియలేదు, అంతే.

కూతురు దాన్ని విప్పేసింది. కొట్టుకి వెళ్లి స్టీలుదాన్ని తనే కుడికి తిప్పింది. పడవలో ఇద్దరూ ఉన్నారు. జుట్టు వెనక్కి ఎగురుతోంది. అమ్మ ఏదో తిడుతోంది కూడా.

"ముందే నా మాట వింటే ఇంకోసారి తిరిగే పని తప్పేది," అంది మెకానికమ్మ. సంగతంతా విని అల్యూమినియందాన్ని మళ్లీ అరలో పెట్టలేదు. సుత్తి తీసుకుని రెక్కలు వంచేసింది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో, ఏరు మొత్తానికీ లోతైన మడుగు దగ్గరికి వచ్చారు.

"కాస్త మెల్లగా పోనీవే! నేను మనిషిననుకున్నావా, బస్తాననుకున్నావా?" అంటూ తల్లి పక్కకి వంగి నీళ్లలోకి చూసింది.

కింద, లోతులో, అచ్చం వాళ్ల పడవలాంటిదే ఎదురు వస్తోంది. అందులో ఇద్దరు ఆడవాళ్లు, జుట్లు పైకి లేచి. ఇద్దరూ పైకే చూస్తున్నారు.

కూతురు మోటారు పిడి తిప్పి జోరు తగ్గించింది. తల్లి కొంగు భుజం నిండా కప్పుకుంది.

"పక్కకి తియ్యి తల్లీ," అంది మెల్లగా. "వాళ్లకి దారివ్వు."