బల్ల మీద పెట్టిన బిల్లు

వసుమతి స్టెతస్కోపు లాక్కున్నది తెల్లవాళ్ళేనని ఇప్పటికీ చెప్పుకు తిరుగుతున్నారు కదూ, తెలుగు సంఘం పెద్దలూ? సగమే నిజం. వాళ్ళు లాగారు. లాగుతుంటే చప్పట్లు కొట్టింది మీరు. సూట్లు వేసుకుని, ముందు వరసలో లేచి నిలబడి మరీ కొట్టారు.

అది 1983 వసంతం. ఏ రాష్ట్రమో అనవసరం. పేరు చెబితే పక్క రాష్ట్రం వాళ్ళు మనది కాదులే అని నిద్రపోతారు. మనవాళ్ళు గుంపుగా ఉండే ఎడిసన్ నుంచి ఒక పూట డ్రైవ్ అనుకోండి, చాలు.

వసుమతి కర్నూలులో డాక్టరీ చదివింది. అమెరికా వచ్చి వాళ్ళు పెట్టిన పరీక్షలన్నీ రాసింది. ఆసుపత్రిలో ఏడాది ట్రైనింగు కూడా చేసింది. అదే ఏడాది, అదే వార్డులో, ఆమె పక్కనే నిలబడిన అమెరికా కుర్రాడికి లైసెన్సు చేతిలో పెట్టారు. బయటి దేశంలో చదివినవాళ్ళు మాత్రం మూడేళ్ళు చెయ్యాలట. అది ఆ రాష్ట్రం రూలు. మిగిలిన రెండేళ్ళకు ఏ ఆసుపత్రీ సీటివ్వదు. కాళ్ళు కట్టేసి పరుగెత్తమనడమంటే ఇదే. ఆమె ఒక ల్యాబులో రక్తం తీసే పనికి కుదిరింది.

కొండల పక్క ఓ చిన్న ఊళ్ళో బెయర్డ్ అని ముసలి డాక్టరున్నాడు. ఆ ఊరికంతటికీ ఆయన ఒక్కడే. వసుమతి పనితనం చూసినవాడు. “నా చేతులు వణుకుతున్నాయి డాక్టర్. ఎండాకాలం దాటేలోపు లైసెన్సు తెచ్చుకుంటే క్లినిక్కు నీది. లేకపోతే తాళం వేసేస్తాను” అన్నాడు. డాక్టర్ అని ఆమెను పిలిచేది ఆ దేశంలో ఆయనొక్కడే.

అదృష్టం కొద్దీ, ఆ రూలు మార్చే బిల్లు స్టేట్ సెనేట్ కమిటీ దాకా వచ్చింది. కమిటీ దాటితే తర్వాతదంతా నల్లేరు మీద బండి నడకేనని అందరూ అన్నారు.

దాటించే భారం తెలుగు సంఘం అధ్యక్షుడు దక్షిణామూర్తి నెత్తికెత్తుకున్నాడు. వంతెనలు కట్టే ఇంజనీరు. ఏ పనైనా లైబ్రరీలోనే మొదలుపెడతాడు, చాలాసార్లు అక్కడే ముగిస్తాడు. ఒక ఆదివారం తన బేస్‌మెంట్‌లో అందరినీ కూర్చోబెట్టి చరిత్ర పాఠం చెప్పాడు.

“ఈ స్టేట్‌ని మొదట్నుంచీ నడిపింది ప్రెస్బిటేరియన్లేనండీ. అదొక క్రిస్టియన్ శాఖ. గవర్నర్లు వాళ్ళే, జడ్జీలు వాళ్ళే. మన కమిటీలోనూ మెజారిటీ వాళ్ళే. చైర్మన్ మెక్‌ఇల్వేన్ వాళ్ళ చర్చిలో ఎల్డర్. అసలు ఆ మాటకర్థమేంటో తెలుసా? పెద్ద. వాళ్ళకి బిషప్పులుండరు. పెద్దలంతా కూర్చుని తీర్మానం చేస్తారు. అచ్చం మన పెద్దమనుషుల పద్ధతి.”

గ్యాస్ స్టేషన్ నడిపే నరసింహ వెనక నుంచి అందుకున్నాడు. నల్గొండ మనిషి.

“పెద్దమనుషుల ఒప్పందం మేం చూసినం మూర్తిసాబ్. సంతకాలు పెద్దమనుషులు పెట్టిండ్రు, నౌకరీలు మాయి పోయినయ్.”

“ఇక్కడికొచ్చి కూడా ఆంధ్రా తెలంగాణా తీస్తావేంటయ్యా?”

“తియ్యలే. మీరు పెద్దమనుషులన్నరు, యాదికొచ్చింది.”

వసుమతి నవ్వలేదు. “కమిటీలో నేనేం మాట్లాడాల మూర్తిగారూ?”

“నువ్వేం మాట్లాడొద్దమ్మా. వాళ్ళకి ఆర్డర్ ముఖ్యం. గొంతు పెంచితే కేసు పాడవుతుంది. మంచి పట్టుచీర కట్టుకుని కూర్చో, చాలు.”

“లైసెన్స్ రాంది నాకు కదా?”

“అందుకేనమ్మా. నువ్వు మాట్లాడితే సెల్ఫిష్‌గా ఉంటుంది.”

ఆమె ఊరుకుంది. అక్కడే తప్పు చేసింది. పద్ధతి అనే మాటకు మన ఆడపిల్లల నోరు ఎంత తొందరగా మూతపడుతుందో మన మగవాళ్ళకు బాగా తెలుసు.

కమిటీ రోజున తెలుగువాళ్ళు కార్లు నింపుకుని రాజధానికి వెళ్ళారు. దక్షిణామూర్తి భార్య శారద చేసిన మైసూర్‌పాక్ డబ్బాలు డిక్కీలో ఉన్నాయి. మెక్‌ఇల్వేన్ వెండిజుట్టు మనిషి. గొంతు ప్రార్థన చేస్తున్నట్టు మెత్తగా ఉంటుంది. ముందు వరసలో పట్టుచీరలు చూసి తల వంచి నమస్కరించాడు. భారతదేశపు ప్రాచీన నాగరికతను పొగిడాడు. వలస వచ్చినవారి కష్టాన్ని పొగిడాడు. తన తాతముత్తాతలు కూడా ఓడలోనే వచ్చారని గుర్తు చేసుకున్నాడు. ఇంతటి ముఖ్యమైన విషయంలో తొందరపాటు కూడదన్నాడు. చివరికి, “కాబట్టి ఈ బిల్లును టేబుల్ చేయాలని ప్రతిపాదిస్తున్నాను” అన్నాడు.

చేతులు లేచాయి. సుత్తి టక్కున పడింది.

దక్షిణామూర్తి కుర్చీలోంచి ఎగిరి లేచాడు. చప్పట్లు. ఆయన వెనకే శారద, ఆవిడ వెనకే వరసంతా. నరసింహ కూడా కొట్టాడు. వసుమతి అరచేతులు మండేదాకా కొట్టింది.

సెనేటర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మెక్‌ఇల్వేన్ సుత్తి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

“నా రాజకీయ జీవితంలో ఇంత మర్యాదస్తులను చూడలేదు” అన్నాడు. ఆ ఒక్క మాటా ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. అందరినీ పిలిచి మెట్ల మీద ఫొటో దిగాడు. మైసూర్‌పాక్ తిన్నాడు. రెండో ముక్క అడిగి తీసుకున్నాడు.

మర్నాడు వసుమతి ఒక డబ్బా పట్టుకుని బెయర్డ్ క్లినిక్కుకు వెళ్ళింది.

“అయిపోయింది డాక్టర్. టేబుల్ చేశారు. అందరం లేచి చప్పట్లు కొట్టాం.”

బెయర్డ్ డబ్బా మూత తీయబోయి ఆగాడు.

“ఎందుకు కొట్టారు?”

“అదేంటి? బిల్లు టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టినట్టే కదా. మా ఇండియాలో...”

“మీకు ఇంగ్లీషు నేర్పింది ఇంగ్లండువాళ్ళు” అన్నాడు ముసలాయన. “వాళ్ళకు ఆ మాటకు అర్థం అదే. ఇక్కడ మాత్రం టేబుల్ చేశారంటే పక్కన పడేశారని. వద్దు అనకుండానే చంపడం. నేనూ ప్రెస్బిటేరియన్ ఎల్డర్‌నే డాక్టర్. మా చర్చి మీటింగుల్లో నా చేత్తో చాలా చంపాను.”

ఆమెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత డబ్బా మూత తనే గట్టిగా నొక్కేసింది. మన ఇళ్ళల్లో బల్ల మీద పెట్టారంటే తినమని. వీళ్ళు బల్ల మీద పెట్టి పస్తు పడుకోబెడతారు.

“మళ్ళీ తీయడానికి దారి లేదా?”

“ఉంది. టేబుల్ మీంచి తీయమని కమిటీలో ఎవరైనా ఒకరు అడగొచ్చు. సెషన్ ముగిసేలోపే అడగాలి. కానీ ఎవరడుగుతారు? మీరంతా సంతోషంగా ఉన్నారని ఫొటోతో సహా పేపర్లో వేశారు.”

ఇంటికి రాగానే దక్షిణామూర్తికి ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది. ఎవరో గోడ పక్కన వింటున్నట్టు ఆయన గొంతు తగ్గించాడు.

“చూడమ్మా. ఇప్పుడు పోయి మాకు ఇంగ్లీషు అర్థం కాలేదని చెప్పుకుంటామా? ఒక్కొక్కడికి రెండేసి మాస్టర్స్ డిగ్రీలు. పరువేం కాను?”

“పరువు మీది. క్లినిక్ నాది మూర్తిగారూ.”

“ఆదివారం వాళ్ళ చర్చి యానివర్సరీ లంచ్‌కి పిలిచాడు మెక్‌ఇల్వేన్. మనందరినీ. ఎంత పెద్ద ఆనరో తెలుసా? రిలేషన్ బిల్డ్ చేద్దాం. నెక్స్ట్ ఇయర్ చూసుకోవచ్చు.”

“నెక్స్ట్ ఇయర్‌కి ఆ ఊళ్ళో డాక్టరే ఉండడు.”

“మీ ఆయన శ్యామ్‌సుందర్ జాబ్ బంగారంలా ఉంది కదమ్మా. నీకేం తొందర?”

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆదివారం చర్చి హాల్లో గోడ పొడుగునా పటాలు వేలాడుతున్నాయి. రాష్ట్రాన్ని ఏలిన ప్రెస్బిటేరియన్లు. ఇంగ్లండు రాజు పెత్తనం మాకొద్దని తిరగబడ్డ పాస్టరున్నాడు. బానిసత్వం పాపమని ఊరూరా ప్రసంగించిన గవర్నరున్నాడు. ఆయన పక్కనే, బానిసలను కొడుకులకు వాటాలేసి పంచిన సెనేటరున్నాడు. ఇద్దరికీ ఒకే రకం ఫ్రేము. గోడకు తేడా తెలియదు. వసుమతి ఒక్కో పటం కింద రాసింది చదువుకుంటూ నడిచి, ఒక గడ్డం మనిషి దగ్గర ఆగిపోయింది. ఆడవాళ్ళకు ఓటిచ్చే బిల్లును ఏళ్ళ తరబడి టేబుల్ చేసి ఉంచిన కమిటీ చైర్మనట. కింద ఇత్తడి రేకు మీద చెక్కారు: సహనశీలి.

నరసింహ వచ్చి పక్కన నిలబడ్డాడు. “ఏందక్కా, గట్ల చూస్తున్నవ్?”

“మన మెక్‌ఇల్వేన్ ఫొటోకు యాడ మేకు కొడతారో చూస్తాండా.”

భోజనాలయ్యాక మెక్‌ఇల్వేన్ మైకు ముందుకొచ్చాడు. ఆ గోడ మీది పెద్దలంతా తనకు నేర్పింది ఒక్కటేనన్నాడు, ఏ పనైనా క్రమంగా, మర్యాదగా జరగాలని. ఆ మర్యాదను మొన్న భారతీయ మిత్రుల దగ్గర చూశానన్నాడు. తాము కోరిన బిల్లు ఆగిపోయినా లేచి చప్పట్లు కొట్టిన గొప్ప మనసులని చేయి చాపి చూపించాడు. హాలంతా తెలుగువాళ్ళ వైపు తిరిగింది. దక్షిణామూర్తి తల వంచుకుని పళ్ళెంలో లేని అన్నం వెతుక్కుంటున్నాడు.

వసుమతి లేచింది. ఇంగ్లీషులోనే మాట్లాడింది. వాళ్ళ ఇంగ్లీషులో.

“సెనేటర్, ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి. మా దేశంలో టేబుల్ చేయడమంటే ముందుకు తేవడం. మీరు మాకు దారిస్తున్నారనుకుని కొట్టాం. మీరు తలుపు మూశారని తెలిసుంటే ఒక్క చెయ్యి కూడా లేచేది కాదు.”

మెక్‌ఇల్వేన్ నవ్వు ముఖం మీదే ఉంది గానీ కింద ఆధారం జారిపోయింది.

“ఇది అందుకు సమయం కాదమ్మా. ఆఫీసుకు రండి, తీరిగ్గా మాట్లాడదాం.”

“నన్ను కూడా టేబుల్ చేస్తున్నారా సార్?”

వెనక బల్ల దగ్గర, ఎల్డర్‌గా విందుకొచ్చిన బెయర్డ్ పకాలున నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. “కూర్చోమ్మా వసుమతీ” అని దక్షిణామూర్తి తెలుగులో గొణిగాడు. ఆమె కూర్చోలేదు. ఆయన వైపు తిరిగింది.

“చప్పట్లకు లేచినారు కదా మూర్తిగారూ, ఇప్పుడు లేవండి. నరసింహా, నువ్వూ. శారదక్కా, మీరూ. ఆ చప్పట్లు వెనక్కి తీసుకుంటున్నామని ఆయన ముఖం మీద చెప్పండి. మాకు అర్థం కాలేదని చెప్పండి, పరువు పోతే పోనీ. గురువారం కమిటీ కూర్చుంటాది. అందరం పోతాం, చీరల్లో కాదు, పనిబట్టల్లో. ఆ బిల్లును బల్ల మీంచి తీసి ఓటుకు పెట్టేదాకా ఆ గదిలోంచి ఒక్కరు కూడా కదలకూడదు. లేవండి.”